జున్నుపాల బేరం: దూడ వాటా పోగా మిగిలేదెంత?

కొండపల్లి: మన వైపు గేదెలు జోరుగా ఈనే కాలం వానల నడుమ మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. ఎండల్లో గేదె ఎదకు రావడం తక్కువ. చలి రోజుల్లో చూడి కట్టిన గేదె పది నెలల పది రోజులు మోసి, వానాకాలం చివర ఈనుతుంది. ఆవుకు ఇంత పట్టింపు లేదు, ఏడాది పొడుగునా ఈనుతూనే వుంటుంది. కనుక జున్నుపాల రాకడ ఎప్పుడూ కొద్దో గొప్పో వున్నా, ఊపందుకునేది ఈ నాలుగైదు నెలల్లోనే.

ఈ సరుకుకు యార్డు లేదు, వేలం లేదు, పత్రికలో ధర పడదు. పాలు పోసే మనిషి క్యాన్ల సరసన చిన్న బిందెలో తెచ్చి తెలిసిన దుకాణానికో, తెలిసిన ఇంటికో పోసి పోతాడు. పల్లెల్లో ఒకప్పుడు జున్నుపాలు అమ్మడం తప్పు. ఈనిన ఇంటివారు ఇరుగుపొరుగుకు తలా ఒక గ్లాసెడు పంచిపెట్టేవారు. ఇప్పుడు అది బేరమైంది. మామూలు పాల ధరకు బాగా పైన పలికే బేరం. అందువల్లనే ఈ మధ్య కొనుగోలుదారుల నుంచి ఒక ప్రశ్న తరచు వస్తున్నది. ఈ పాలు అప్పుడే పుట్టిన దూడ నోటి దగ్గర నుంచి లాక్కున్నవి కావా, అని. అమ్మేవారి జవాబు కూడా సిద్ధంగానే వుంటుంది. గేదె ఇచ్చేదంతా దూడ తాగలేదు, తాగితే పారుకుంటుంది, మిగిలిందే మేము తెస్తున్నాము, అని.

రెండు మాటల్లోనూ నిజం వుంది. ఏది ఎప్పుడు నిజమో తేల్చేది పశువు, దాని పాడి, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ పూట పాలు అనే సంగతి. వర్తకులకు ఇది దయాదాక్షిణ్యాల విషయంగా మాత్రమే తోచవచ్చును గాని, ఇందులో ధర లెక్క కూడా వున్నది.

ఏ పూట సరుకు

జున్నుపాలు, ముర్రుపాలు అని మనం ఒకే పేరుతో పిలిచే సరుకు నిజానికి పూట పూటకూ మారిపోతుంది. హోల్‌స్టీన్ ఆవుల మీద కట్టి, పాడి గ్రంథాల్లో చాలాకాలంగా వాడుకలో వున్న లెక్క ఇది. ఈనిన వెంటనే పితికిన మొదటి పూట పాలలో మాంసకృత్తులు నూటికి 14 పాళ్ళు. రెండో పూటకు అవి 8.4కు దిగుతాయి. మూడో పూటకు 5.1. మామూలు పాలలో 3.1. మొత్తం ఘనపదార్థం మొదటి పూట దాదాపు 24 పాళ్ళు, రెండో పూట 18, మూడో పూట 14, మామూలు పాలలో 13. గేదెపాలు సహజంగానే చిక్కన గనుక అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. దిగే వరస మాత్రం అదే.

మొదటి పూట వున్న ఈ అదనపు మాంసకృత్తుల్లో అధికభాగం రోగనిరోధక పదార్థాలు. జున్ను గడ్డకట్టేదీ వీటివల్లనే. మామూలు పాలు ఎంత కాచినా పొంగుతాయే గాని గడ్డకట్టవు. జున్నుపాలను బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే విరగకుండా ముద్దగా బిగుసుకుంటాయి. మొదటి పూట పాలు ఒంటిగా కాస్తే జున్ను రబ్బరులా గట్టిపడుతుంది. అందుకనే అందులో మామూలు పాలు కలిపి కాయడం ఇళ్ళలోనూ, దుకాణాల్లోనూ రివాజు. వర్తకుడికి లాభం వచ్చే చోటు కూడా ఈ కలుపుడే.

దూడకు ఇవి ఎందుకు

మనిషి బిడ్డకు తల్లి గర్భంలో వుండగానే, మాయ ద్వారా, తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు కొంత అందుతాయి. ఆవుకు, గేదెకు మాయ నిర్మాణం వేరు. అది వీటిని దాటనివ్వదు. దూడ నేలమీద పడేసరికి దాని రక్తంలో ఈ రక్షణ లేదన్నంత తక్కువ. దానికి అది దొరికే దారి ఒకటే, తల్లి మొదటి పాలు.

ఆ దారికి కూడా గడువు వుంది. పుట్టిన కొద్ది గంటల వరకు దూడ పేగు ఈ పదార్థాలను అరగించకుండా యథాతథంగా రక్తంలోకి పోనిస్తుంది. మొదటి ఆరు గంటలు మంచి అదను. అక్కడ నుంచి గంట గంటకూ తగ్గి, ఇరవైనాలుగు గంటలకు తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత బిందెడు జున్నుపాలు పోసినా అవి ఆహారమే, రక్తంలో రక్షణ కావు. అందువల్ల పశువైద్యుల సాధారణ సూత్రం ఇలా వుంటుంది. దూడ బరువులో పదో వంతు పాలు మొదటి రోజున పట్టాలి. అందులో సగం పుట్టిన గంట రెండు గంటల్లోనే, మిగతాది పన్నెండు గంటల్లోపు. ముప్పై కిలోల ముర్రా దూడకు మూడు లీటర్లు, ఇరవై కిలోల నాటు ఆవుదూడకు రెండు లీటర్లు అన్నమాట.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పల్లెల్లో దూడ నోటి దగ్గర పాలను ఎక్కువగా కాజేస్తున్నది జున్ను తినేవారు కారు, కాలయాపన. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు విడవరాదనే పట్టింపు చాలాచోట్ల వున్నది. మాయ పడడానికి ఎనిమిది, పది గంటలు పట్టడం మామూలే. ఈలోగా దూడ గడువు సగం అయిపోతుంది. నిజానికి దూడ చీకితే తల్లి శరీరంలో పుట్టే స్రావమే గర్భసంచిని బిగించి మాయ పడడానికి సాయపడుతుంది. ఆగడం వల్ల రెండింటికీ నష్టమే.

మరో పట్టింపు, మొదటి పాలు తాగితే దూడకు పాములు పడతాయని. ఇది పూర్తిగా పుక్కిటి పురాణం కాదు. గేదెదూడల కడుపులో పెరిగే పెద్ద ఏలికపాము పిల్లలు తల్లి పాల ద్వారానే దూడలోకి వస్తాయి. అయితే అవి మొదటి పూట పాలతో ఆగవు, తర్వాత రెండు మూడు వారాల పాలలో కూడా వస్తూనే వుంటాయి. కనుక మొదటి పాలు ఆపినందువల్ల పాములు ఆగవు, రక్షణ మాత్రం పోతుంది. దానికి మందు వేరే. పది రోజులు దాటిన తర్వాత, రెండో వారంలో పైపరజీన్ వంటి పాముల మందు పట్టడం.

కొండ మీద లెక్క, మాగాణిలో లెక్క

కొండపల్లి అనగానే పరాయి ఊళ్ళవారికి పొణికి కర్ర బొమ్మలు, ఖిల్లా గుర్తుకొస్తాయి. పాల బేరగాళ్ళకు ఈ ఊరు వేరే విధంగా ఆసక్తికరం. ఒక వైపు కొండలు, అడవి అంచు, మైలవరం దాకా మెట్ట. మరొక వైపు కాస్త దూరంలో ప్రకాశం బారేజి, దాని దిగువన కాలువల మాగాణి. కొండ వాలులో మేసి సాయంత్రానికి ఇల్లు చేరే నాటు ఆవు ఒక రకం. వరిగడ్డి, తవుడు, తెలకపిండి తిని కట్టుకొయ్య దగ్గరే వుండే ముర్రా సంకరం గేదె మరొక రకం. ఈ రెండు రకాల పాలూ చివరకు చేరేది విజయవాడకే. మన ప్రశ్నకు ఇవి ఇచ్చే జవాబులు మాత్రం వేరు.

లెక్క కోసం, పూటకు మూడు లీటర్లు ఇచ్చే గేదెను తీసుకుందాం. ఈనిన వెంటనే మూడు లీటర్లు పితికితే, దూడకు సగం అప్పుడే పట్టి, మిగతా సగం చల్లని చోట వుంచి కొన్ని గంటల తర్వాత గోరువెచ్చగా చేసి పట్టవచ్చును. మొదటి పూట పాలు అంతటితో సరి. రెండో పూట మూడు లీటర్లు మిగులు. రెండో రోజు ఆరు లీటర్లలో దూడకు మూడు పోగా మూడు మిగులు. మూడో రోజూ అంతే. అంటే మూడు రోజుల్లో తొమ్మిది లీటర్లు దూడ కడుపు కొట్టకుండానే వర్తకానికి వస్తాయి. గమనించవలసింది ఏమంటే, ఆ తొమ్మిదిలో మొదటి పూట పాలు చుక్క లేదు.

పూటకు లీటరు ఇచ్చే నాటు ఆవును తీసుకుంటే మొదటి రోజు రెండు లీటర్లు, దూడకు కావలసినదీ రెండు లీటర్లు. మిగులు సున్న. మర్నాడూ అంతే. ఇటువంటి ఆవు ముర్రుపాలు బజారుకు వచ్చాయంటే అవి దూడ వాటాలోవే, అనుమానం అక్కరలేదు. ‘కొండ మీద మేసిన ఆవు జున్ను’ అని గొప్పగా చెప్పి ఎక్కువ ధర చెప్పే సరుకు ఈ తరహాలోదే కావడం గమనార్హం. పేరుకు అది శ్రేష్ఠం, లెక్కకు అదే అన్యాయం.

నాలుగు చన్నుల్లో ఒకటి దూడకు వదిలే ఆచారం మన రైతులకు వున్నది. మంచి ఆచారమే. కాని మొదటి రోజుల్లో అది చాలదు. ఆరు లీటర్ల గేదెకు ఒక చన్ను అంటే లీటరున్నర, దూడకు కావలసినదానిలో సగం. పైగా దూడ చేపిన తర్వాత ఎంత వదిలారు, అడుగున ఏమి మిగిలింది అనేది పితికే చేతిని బట్టి వుంటుంది.

‘ఎక్కువ తాగితే పారుకుంటుంది’ అనే మాట సంగతి. ముర్రుపాలకు విరేచనకారి గుణం వున్నది. దూడ కడుపులో పుట్టుకతో వున్న నల్లటి జిగురు మలం బయటపడేది అందువల్లనే. అది రోగం కాదు. ఒకే పూట కడుపు పట్టనంత పోస్తే ఇబ్బంది నిజమే గాని, దానికి విరుగుడు రెండు మూడు సార్లుగా పట్టడం. బిందె బజారుకు పంపడం కాదు.

ధర ఎటు లాగుతున్నది

బజారులో మొదటి పూట పాలకే గిరాకీ. కారణం పైన చెప్పిన కలుపుడు. 14 పాళ్ళ సరుకు ఒక లీటరుకు 3.1 పాళ్ళ మామూలు పాలు ఒక లీటరు కలిపితే సగటు ఎనిమిదిన్నర. అది రెండో పూట పాల అంకెకు ఇంచుమించు సమానం. మొదటి పూట పాలు లీటరు కొన్నవాడు రెండు లీటర్ల రెండో పూట పాలు కొన్నట్టే. మూడో పూట పాల స్థాయికి దించాలంటే లీటరుకు దాదాపు నాలుగున్నర లీటర్లు కలపవచ్చును. ఆ స్థాయికి దిగితే జున్ను మెత్తగా, చెంచాకు జారేటట్టు వుంటుంది. కొందరు వర్తకులు అంతదాకా పోతారు కూడా.

కాబట్టి ధర సహజంగానే రైతును మొదటి పూట పాలు అమ్మమని లాగుతుంది. దూడకు ఏ పాలు ప్రాణమో వాటికే బజారులో ఎక్కువ రేటు. రెండో రోజు పాలు ‘ముదిరిపోయాయి’ అని తోసిపుచ్చడం, లేదా మామూలు పాల ధరకే అడగడం కొనుగోలుదారుల అలవాటు. ఈ అలవాటు వున్నంత కాలం రైతుకు ఎన్ని నీతులు చెప్పినా ప్రయోజనం వుండదు.

నిజమైన ధర ఎంత వుండాలో లెక్క కట్టడం కష్టం కాదు. మామూలు పాలు లీటరు ఒక పాలు అనుకుందాం. మొదటి పూట జున్నుపాలకు మూడు పాళ్ళు పెడుతున్నారనుకుందాం. కలుపుడు లెక్కన మూడు పాళ్ళ సరుకు ఒక లీటరు, ఒక పాలు సరుకు ఒక లీటరు కలిసి రెండో పూట పాలు రెండు లీటర్లతో సమానం. అంటే రెండో పూట పాలకు లీటరుకు రెండు పాళ్ళు గిట్టుతుంది. మూడో పూట పాలకు ఇదే తీరున ఒకటీ పాతిక పైన, ఒకటిన్నర లోపు. ఆ ధర పెట్టినా వర్తకుడికి జున్ను పళ్ళెం మీద పడే ఖర్చు ఒకటే. తేడా అల్లా కలుపుడు పని వుండదు, పాలు నేరుగా పొయ్యి మీద పెట్టవచ్చును. దూడ వాటా దాటి వచ్చిన సరుకు కొనాలనుకునే వర్తకుడు నష్టపోవలసిన అవసరం లేదని దీనివల్ల తేలుతున్నది. రెండో పూట పాలకు రెండో పూట ధర ఇస్తే సరిపోతుంది.

దూడ పోతే ఎవరి నష్టం

పెయ్యదూడ అయితే రైతు తానే కాపాడుకుంటాడు. ముర్రా సంకరం పెయ్య మూడు నాలుగేళ్ళకు ఈనుతుంది, దాని మీద ఆశ వుంటుంది. చిక్కంతా మగదూడతోనే. మాగాణిలో దమ్ముకు దున్నపోతులు కట్టే రోజుల్లో మగదూడకు విలువ వుండేది. ట్రాక్టర్లు వచ్చాక అది పోయింది. మగదూడ తాగే ప్రతి లీటరూ రైతు లెక్కలో ఖర్చు కింద పడుతున్నది. మొదటి పూట పాలు తప్పించడం, ఆ పైన పట్టించుకోకపోవడం, నెల తిరక్కుండా దూడ పారుడు రోగంతో పోవడం పాడి ఊళ్ళలో అందరికీ తెలిసిన వ్యవహారమే. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు, ‘దక్కలేదు’ అంటారు.

ఈ లెక్కలోనూ పొరపాటు వున్నది. గేదె ఆవు వంటిది కాదు. దూడ మూతి పెట్టనిదే చాలా గేదెలు చేపవు. దూడ చచ్చిన గేదె తన్నడం, పాలు ఎగబట్టడం, ఈత సగంలోనే వట్టిపోవడం రైతుకు కొత్త కాదు. దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టే పాత ఉపాయం అందుకే పుట్టింది. దాని తర్వాత సూదిమందు వచ్చింది, దానితో వేరే తలనొప్పులు వచ్చాయి. మొదటి రోజు లీటరున్నర జున్నుపాలకు ఆశపడి, తొమ్మిది పది నెలల పాడికి కుంటుపడే పరిస్థితి తెచ్చుకోవడం చిల్లర ఏరుకోబోయి మూట జారవిడిచినట్టు. మధ్యవర్తులు గేదెల బేరంలో ‘దూడ వుందా’ అని ముందుగా అడిగేది ఊరికే కాదు.

తల్లి ఈనుతూ చనిపోయినా, పొదుగువాపు వచ్చినా దూడకు మరో పశువు ముర్రుపాలు పట్టవచ్చును. పెద్ద పాడిశాలల్లో మిగులు పాలను గడ్డకట్టించి నిలవ వుంచుతారు. బాగా గడ్డకట్టించిన ముర్రుపాలు ఏడాది వరకు పనికివస్తాయి. కరిగించేటప్పుడు గోరువెచ్చని నీళ్ళలో గిన్నె వుంచి కరిగించాలి, పొయ్యి మీద పెట్టరాదు. పాలలో కోడిగుడ్డు, ఆముదం కలిపి పట్టే పద్ధతి ఒకటి వున్నది. అది కడుపు కడుగుతుంది, బలమూ కొంత ఇస్తుంది. రోగనిరోధక పదార్థం మాత్రం అందులో లేదు.

మందు అనే మాట

జున్ను అమ్మేచోట ‘రోగనిరోధక శక్తికి మంచిది’ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినబడుతున్నది. వర్తకులు ఈ మాట విషయంలో జాగ్రత్త వహించడం మంచిది. ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థాలు వేడికి ఓర్వలేవు. అరవై డిగ్రీల సెంటిగ్రేడు వరకు చాలావరకు నిలుస్తాయి. జున్ను వండేది ఆవిరి మీద, నూరు డిగ్రీల సమీపంలో. గడ్డకట్టడమంటేనే ఆ పదార్థాలు తమ రూపం కోల్పోవడం. జున్నులో మిగిలేవి మాంసకృత్తులు, వెన్న, సున్నం, బెల్లం రుచి. అది మంచి తిండి, కాదనేవారు లేరు. కాని దూడకు పనికివచ్చే ఆ ప్రత్యేక గుణం పళ్ళెంలోకి రాదు. మనిషి దాన్ని తన ఒంటికి తీసుకోవడం లేదు, వండి పోగొట్టుకుంటున్నాడు. దూడ వాటా ముందు తీరాలనడానికి ఇంతకన్న బలమైన కారణం అక్కరలేదేమో.

పచ్చిగా తాగుదామనే ఆలోచన కూడా సరికాదు. పచ్చిపాలతో వచ్చే రోగాలు, ముఖ్యంగా ఈసుకుపోయే పశువుల మంద నుంచి వచ్చే పాలతో సోకే బ్రూసెల్లా జ్వరం, పాడిపనివారికి తెలియనివి కావు.

సీసాలలో, గొట్టాలలో అమ్మే ముర్రుపాల పొడి సంగతి వేరు. దాన్ని తక్కువ వేడి మీద ఆరబెడతారు. అమెరికా, న్యూజిలాండు వంటి చోట్ల పెద్ద పాడిశాలల్లో ఆవులు పూటకు ఇచ్చే మొదటి పాలు దూడ తాగగలిగినదానికంటె ఎక్కువ గనుక, మిగులు కర్మాగారాలకు పోతుంది. అక్కడ ధర కట్టేది లీటరు మీద కాదు, పొడిలో రోగనిరోధక పదార్థం నూటికి ఎన్ని పాళ్ళు అనే దాని మీద. ఇందులో మనకు ఒక పాఠం వుంది. ముర్రుపాల చిక్కదనాన్ని బట్టి నాణ్యం తేల్చే పరికరాలు చిన్నవే వున్నాయి. చెరకు రసం తీపి చూసే బ్రిక్స్ మీటరే దీనికీ పనికివస్తుంది. అందులో 22 పైన చూపిన ముర్రుపాలు దూడకు మేలైనవని లెక్క. కొనే సరుకు మొదటి పూటదో, మూడో పూటదో అమ్మేవాడి మాట మీద ఆధారపడకుండా తెలుసుకోవడానికి వర్తకుడికీ ఇది ఉపయోగమే.

పాలకేంద్రం తలుపు దగ్గర

జున్నుపాలు పాలకేంద్రంలో పోయరాదని రైతులందరికీ తెలుసు. కొందరు పోస్తారు. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లోనే పాలు అనే మాటకు అర్థం చెబుతూ ముర్రుపాలు కలవనివి అయివుండాలన్నారు. 2006 ఆహార భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనూ ఆ షరతు కొనసాగింది. దీనికి యంత్రాల కారణం కూడా వున్నది. పాలు వేడిచేసే పలకల మీద జున్నుపాలు గడ్డకట్టి అంటుకుపోతాయి, వంద క్యాన్ల పాలకు ఒక క్యాను చేటు తెస్తుంది.

అయినా పోయడానికి ఆశ ఏమంటే, వెన్న, వెన్నేతర ఘనపదార్థం రెండింటినీ చూసి ధర కట్టే పద్ధతి. జున్నుపాల బరువు ఎక్కువ, లాక్టోమీటరు పైకి లేస్తుంది. నీళ్ళు కలిసిన పాలకు కాస్త జున్నుపాలు కలిపితే రీడింగు సరిపోయినట్టు కనిపిస్తుంది. అయితే కాచి చూసే పరీక్షలో ఇవి విరుగుతాయి. పాలు కొనే ప్రైవేటు ఏజెంట్లు చలి రోజుల్లో ఒక్క లాక్టోమీటరు మీదనే ఆధారపడడం మంచిది కాదు.

ధర్మశాస్త్రాలు కూడా ఈనిన పది రోజుల లోపల ఆవుపాలు తాగరాదన్నాయి. దాన్ని అంటుముట్టుగా చూసినవారూ వున్నారు, దూడ మేలు కోరి పెట్టిన కట్టుబాటుగా చూసినవారూ వున్నారు. ఏదైనా ఆచరణలో మన నాలుక దాన్ని ఎప్పుడో దాటేసింది. మనదొక్కటే కాదు. కన్నడిగుల గిణ్ణు, మరాఠీల ఖర్వస్, తమిళుల సీంపాల్ అన్నీ ఇదే సరుకు. ముంబాయి, పుణే పాల దుకాణాల్లో ఖర్వస్ ముక్కలు కోసి అమ్ముతారు. ఐస్‌లాండు, ఫిన్‌లాండు, స్వీడను వంటి చలిదేశాల్లోనూ ముర్రుపాలతో ఇటువంటి వంటకాలు వున్నాయి.

గిరాకీ ఇంత వుండి సరుకు ఇంత తక్కువ గనుక నకిలీ రావడం సహజం. పాలపొడి, చైనాగ్రాస్, కోడిగుడ్డు కలిపి చేసిన ముద్దను జున్ను పేరుతో అమ్ముతున్నారు. చైనాగ్రాస్ జున్ను కత్తితో కోస్తే గాజులా నున్నగా తెగుతుంది, మళ్ళీ వేడిచేస్తే కరుగుతుంది. అసలు జున్ను మళ్ళీ కరగదు, లోపల చిన్న చిన్న రంధ్రాలు వుంటాయి. నకిలీ అని చెప్పి అమ్మితే దానిలో తప్పు లేదు, దూడకు అదే మేలు కూడా. జున్నని చెప్పి జున్ను ధరకు అమ్మడమే తప్పు.

కొనుగోలులో చూడవలసినవి

ఇప్పుడు జున్నుపాలు తెప్పించే దుకాణదారులు పోసేవారితో ముందుగా మాట్లాడుకోవలసినవి కొన్ని వున్నాయి. ఎన్ని పాల గేదె, ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది, ఇది ఎన్నో పూట అనే నాలుగు ప్రశ్నలు అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. పూటకు రెండు లీటర్ల లోపు పాడి అయితే మొదటి మూడు రోజుల పాలు తీసుకోకపోవడమే ఉచితం. అంతకు మించిన పాడి అయితే రెండో పూట నుంచి తీసుకోవచ్చును, ధర పైన చెప్పిన లెక్కన. మొదటి పూట పాలు తెచ్చినవాడిని ‘దూడ ఏమైంది’ అని అడగడం మర్యాద తక్కువ ఏమీ కాదు. దూడ పుట్టుకతోనే చనిపోయిన సందర్భాలు వుంటాయి, అప్పుడు ఆ పాలు బజారుకు రావడంలో ఆక్షేపణ లేదు.

నిలవ విషయం. మొదటి రోజు పాలకన్నా మర్నాటి పాలు త్వరగా పులుస్తాయనే అభిప్రాయం బేరగాళ్ళలో వున్నది. నిజానికి నిలవ పితికిన చేతి శుభ్రత, బిందె శుభ్రత, దారిలో పట్టిన సమయం మీద ఆధారపడుతుంది. కొండపల్లి, మైలవరం వైపు నుంచి విజయవాడ చేరేలోగా ఎండ పడకుండా, తడిగుడ్డ చుట్టిన స్టీలు క్యానులో తెస్తే చాలు. దుకాణం చేరాక వెంటనే మంచు పెట్టెలో వుంచాలి. ప్లాస్టిక్ సీసాల్లో తెచ్చే సరుకు అడుగున గడ్డ కనిపిస్తే తిప్పి పంపడమే మేలు.

ముర్రా గేదెలు ఎక్కువగా వున్న దిగువ గ్రామాల నుంచి సంక్రాంతి వరకు రాక బాగా వుంటుంది. ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఎండాకాలంలో వచ్చే కొద్దిపాటి సరుకులో ఆవుపాల పాలు ఎక్కువ కాగలదు గనుక, అప్పుడు కొనేవారు పాడి ఎంతో రెండుసార్లు అడిగి తీసుకోవలసి వుంటుంది.